అప్పగింత కాగితం

ఈనాక్ టార్వర్ బండి ఆపి మొదట కిటికీ వంక చూశాడు. పచ్చిక గడ్డలు కోసి ఇటుకల్లా పేర్చి కట్టిన ఆ ఇంటికి ఒక్కటే కిటికీ. నాలుగు అద్దాల్లో మూడు కొత్తవి. మార్చిలో ఎవరో రాళ్లు విసిరి పగలగొడితే, ఏప్రిల్లో ఆ మూడూ తనే బిగించాడు. నాలుగూ క్షేమంగా ఉన్నాయి. అప్పుడు ఊపిరి వదిలి బండి దిగాడు.

గుర్రాలను విప్పలేదు. నీళ్ల బకెట్టు తెచ్చి అలాగే మూతుల దగ్గర పెట్టాడు. మనుషుల్ని తీసుకెళ్లి అప్పగించే పనిలో పడ్డప్పటినుంచీ అదే అలవాటు. షెరీఫు దగ్గర డిప్యూటీ అంటే తుపాకీ పట్టేవాడని జనం అనుకుంటారు గానీ, ఈనాక్ పనంతా జేబులో నాలుగు మడతలుగా ఉండే కాగితంలో ఉంటుంది. ఫలానా వారిని ఫలానా చోటికి క్షేమంగా చేర్చి, చేరినట్టు సంతకం తీసుకురావాలి. దొంగలు, సాక్షులు, మతి తప్పినవాళ్లు, భర్తను పూడ్చిపెట్టి రైలెక్కే ఆడవాళ్లు. గుమ్మం దగ్గర సంతకం పడుతుంది. తలుపు మూసుకుంటుంది. అతను బండి తిప్పుకుంటాడు. నలభై ఆరేళ్లకే భుజాలు కిందికి జారిపోయాయి.

"అయిదు నిమిషాలు, డిప్యూటీ గారూ," అంటూ లవీనా ప్రూయిట్ గుమ్మంలోకి వచ్చి, మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది.

"పొయ్యి ఆర్పేశాను కదా?"

"రెండుసార్లు ఆర్పారు. ఇంకోసారి ఆర్పాలంటే ముందు వెలిగించాలి."

ఆమె నవ్వలేదు. తలుపు గొళ్లెం మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడింది. మళ్లీ చూస్తానో లేదో అనుకునేవాళ్లు అలా నిలబడతారు. ఆ నిలబడటం ఈనాక్‌కి బాగా తెలుసు. అందుకే తల తిప్పుకుని గుర్రాల మెడలు సవరించాడు.

నెబ్రాస్కాలో ఆ నేల ఆమెది కావడానికి ఇక ఒక్కరోజే ఉంది. పెళ్లికాని మనిషిగా తన పేరున రాయించుకుని, అయిదేళ్లు అక్కడే కాపురముండి, దున్ని, పండించింది. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి కోల్టన్ ఊళ్లోని భూమి కచేరీలో స్వయంగా హాజరై ప్రమాణం చేస్తే పట్టా. అలాగని పేపర్లో ప్రకటన కూడా పడింది. ఆ గంటకి చేరకపోయినా, చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం తేలినా, బార్లో పశువుల కంపెనీ ఆ నేలను అడగడానికి కాచుకుని కూర్చుంది. చుట్టుపక్కల ఎండాకాలంలో ఎండని ఊట ఆమె నేలలోనే ఉంది మరి. మార్చిలో కిటికీ పగిలింది. తర్వాత ఊటలో చచ్చిన దూడ తేలింది. అప్పుడు జడ్జి కలగజేసుకుని ఈనాక్‌కి ఈ కాగితం ఇచ్చాడు.

పొరుగు స్వీడన్‌ మనిషి నిల్స్ ఒస్టెర్‌గ్రెన్ సాక్ష్యం చెప్పడానికి ముందే కోల్టన్ వెళ్లిపోయాడు. ఇంటికి కాపలాగా అతని భార్య ఒళ్లో తుపాకీ పెట్టుకుని గుమ్మంలో కూర్చుని మేజోడు అల్లుతోంది. లవీనా ఆమెను కౌగిలించుకుని, బండెక్కి, వంపు తిరిగేదాకా వెనక్కి తిరిగే కూర్చుంది.

"ముందుకి చూడండి," అన్నాడు ఈనాక్. "వెనకది ఎక్కడికీ పోదు."

"ఆ మాట అన్నవాళ్లంతా ఏదీ పోగొట్టుకోనివాళ్లే, డిప్యూటీ గారూ."

కాసేపయ్యాక ఆమె మూట విప్పి మొక్కజొన్న రొట్టె ముక్క అతని చేతిలో పెట్టింది. పెద్ద ముక్కే.

మధ్యాహ్నానికి గట్టు మీద ఇద్దరు రౌతులు కనపడ్డారు. బండి నెమ్మదిస్తే వాళ్లూ నెమ్మదించారు. బండి ఆగితే వాళ్లూ ఆగారు. వాగు దగ్గరికి వచ్చేసరికి వంతెన పలకలు ఊడదీసి ఉన్నాయి. మేకుల రంధ్రాలు ఇంకా తెల్లగా, కొత్తగా కనిపిస్తున్నాయి.

ఈనాక్ నీళ్ల వంక చూశాడు, గట్టు వంక చూశాడు. గుర్రాన్ని నడిపిస్తూ దిగితే తుపాకీ పట్టుకునేవాడు లేడు. తుపాకీ పట్టుకుంటే గుర్రాన్ని నడిపించేవాడు లేడు. అతను లెక్కలు వేస్తుండగానే లవీనా బూట్లు విప్పి, గౌను అంచులు నడుం దగ్గర ముడేసుకుని, ఆడగుర్రం డోర్కస్ కళ్లెం పట్టుకుని నీళ్లలోకి దిగింది.

"మిస్ ప్రూయిట్!"

"మీరు గట్టు చూడండి. నేను వాగు చూస్తాను."

నీళ్లు మోకాళ్లు దాటాయి, నడుం దాటాయి. డోర్కస్ బెదిరి తల ఎగరేస్తే ఆమె దాని చెవి దగ్గర ఏదో ప్రార్థనలాంటిది గొణిగింది. బండి కదిలింది. రౌతులు గట్టు మీదే నిలబడిపోయారు. అవతలి ఒడ్డుకి చేరాక ఆమె గడ్డిలో కూలబడి, పళ్లు కొట్టుకుంటుండగా చెప్పింది:

"నాకు ఈత రాదు. ముందే చెబితే మీరు దిగనివ్వరని చెప్పలేదు."

ఈనాక్ తన కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. గుండీ పెట్టబోయి, ఆగి, కళ్లేలు అందుకున్నాడు.

అంతలో వడగళ్లు మొదలయ్యాయి. కెజాయా హోల్కమ్ సత్రం చేరేసరికి సాయంత్రం నాలుగు. ఆ దారిలో అదొక్కటే సత్రం. లోపల పొడుగాటి బల్ల చుట్టూ కంపెనీ పశువుల కాపర్లు అయిదారుగురు, వాళ్ల మధ్య నల్లకోటులో కంపెనీ వకీలు డన్‌స్టన్ రిగ్. ఈనాక్ గుర్రాలను పాకలో కట్టడానికి వెళ్లాడు. తడిసి ముద్దయి, మగవాడి కోటు కప్పుకుని, కాళ్లకు బూట్లు లేకుండా గుమ్మంలో నిలబడ్డ లవీనాను బల్ల దగ్గర వాళ్లు ఎగాదిగా చూసి ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. సత్రం నడిపే కెజాయా ఆ చూపులు చూసింది. ముసలావిడ వెంటనే లవీనాను వంటింట్లోకి, పొయ్యి దగ్గరికి తోసేసింది. వెనక్కి వచ్చి సత్రం పుస్తకం తెరిచి, అందరూ చూస్తుండగా కలం సిరాలో ముంచి ఒక వరస రాసింది. టపీమని పుస్తకం మూసింది. మోచేతులు ఆగిపోయాయి.

ఆ రాత్రి లవీనా కెజాయా గదిలో పడుకుంది. ఈనాక్ పాకలో.

తెల్లారి కాఫీకి వచ్చినప్పుడు అతను ఆ పుస్తకం చూశాడు. సొంత పేరు కనపడితే ఎవరైనా చూస్తారు. 'ఈనాక్ టార్వర్, భార్య' అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. పక్కనే కలం ఉంది, సిరా ఉంది. ఒక్క గీత గీస్తే సరిపోతుంది. కిటికీలోంచి వెలుగు తిన్నగా ఆ వరస మీద పడుతోంది. అతని పేరు పక్కన ఇన్నేళ్లలో ఇంకో మనిషిని ఎవరూ రాయలేదు. చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఎవరికి నష్టంలే అనుకుని అతను కలం ముట్టుకోలేదు. మెల్లగా అట్ట మూశాడు.

బల్ల చివర గుడ్డు పెంకు వలుస్తున్న రిగ్ తలెత్తి, మర్యాదగా టోపీ తాకాడు.

*

భూమి కచేరీ అధికారి విట్లో బక్కపలచటి మనిషి. గొంతు కూడా ఎండిపోయినట్టుంటుంది. సరిగ్గా రెండు గంటలకి లవీనా పేరు పిలిచాడు. ఆమె బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేసి, అయిదేళ్ల కాపురం గురించి చెప్పింది. అవును, పెళ్లి కాలేదు. అవును, ఒక్క చలికాలం కూడా వేరేచోట ఉండలేదు. నిల్స్ తన వచ్చీరాని భాషలో, "ఆమె పొగగొట్టం పొగ నాకు రోజూ కనపడుతుంది. పొగ లేని రోజు లేదు," అన్నాడు. విట్లో ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం," అంటూ రిగ్ లేచి, కోటు లోపల్నుంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పుస్తకంలోంచి కోసిన పేజీ.

"పెళ్లికాని మనిషినని ఈవిడ ప్రమాణం చేశారు. నిన్న రాత్రి హోల్కమ్ సత్రంలో ఈ డిప్యూటీ గారి భార్యగా దిగారు. అయ్యా, పెళ్లయిన స్త్రీ కాపురం భర్త ఉన్నచోటే అని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈయన కాపురం ఊళ్లో గుర్రపు సామాన్ల కొట్టు మీది గది. అంటే ఈవిడ ఆ నేలమీద లేనట్టే లెక్క. పైగా అబద్ధ ప్రమాణం."

లవీనా ఆ పేజీ వంక చూసింది. తర్వాత ఈనాక్ వంక చూసింది. ఆ వరస ఆమె చూడటం అదే మొదలు.

విట్లో ఈనాక్‌ని పిలిచి ప్రమాణం చేయించాడు. ప్రశ్నలు రిగ్ వేశాడు.

"ఇది మీ పేరేనా?"

"నా పేరే. రాత నాది కాదు. మాకు పెళ్లి కాలేదు. ఆమె సత్రం ఆవిడ గదిలో పడుకుంది. నేను పాకలో పడుకున్నాను."

"పొద్దున ఈ పేజీ మీరు చూశారు కదూ?"

"చూశాను."

"తప్పయితే కొట్టేయాలిగా? కలం అక్కడే ఉంది. ఎందుకు కొట్టేయలేదు?"

బైబిలు అట్ట ఈనాక్ అరచేతి కింద చెమటకి అతుక్కుంటోంది.

"కొట్టేయబుద్ధి కాలేదు," అన్నాడు.

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. రిగ్ మాత్రం నవ్వలేదు. గొంతు ఇంకా మెత్తగా చేశాడు.

"అంటే ఈవిడని పెళ్లి చేసుకోవాలని మీకుందా, డిప్యూటీ గారూ?"

'లేదు' అంటే ఆమెకి నేల దక్కుతుంది. చేయి బైబిలు మీద ఉంది.

"ఉంది," అన్నాడు ఈనాక్.

ఈసారి నవ్వు గదంతా పాకింది. అతను లవీనా వంక చూడలేదు. కిటికీలోంచి బయట కట్టేసిన డోర్కస్‌ని చూస్తూ నిలబడ్డాడు.

విట్లో ముద్ర పక్కన పెట్టేశాడు. "ఇందులో మీకు సొంత ఆశ ఉన్నట్టే కదా. మీ సాక్ష్యం నేను తీసుకోలేను. ఆ వరస రాసినావిడ ఇక్కడికొచ్చి ప్రమాణం చేసి చెబితే వింటాను. రేపు పది గంటలకి. పదీ ఒకటికి కాదు."

బయట మెట్ల మీద లవీనా అతనికి ఎదురుగా నిలబడింది. మొహం సున్నంలా ఉంది.

"నా అయిదు చలికాలాలు, డిప్యూటీ గారూ. పిడకలు కాల్చుకుని, మంచు కరిగించుకు తాగి బతికిన అయిదు చలికాలాలు. ఒక్క గీత గీయలేకపోయారా?"

"గీయలేకపోయాను."

"నాకు నష్టమని తెలుసా?"

"అప్పుడు తెలీదు. తెలుసుకోవలసినవాణ్ణి." టోపీ చేతిలో తిప్పుతూ ఆగాడు. "నేను కెజాయా కోసం వెళ్లాలి. మిమ్మల్ని ఈ ఊళ్లో వదలడానికి ఒక్కటే గట్టి చోటుంది. వింటే కోపగించుకుంటారు."

అది జైలు. రాయి గోడలు, ఇనుప తలుపు, ఆ వారం ఖైదీలు లేరు. ఈనాక్ గదిలో కొత్త దుప్పటి పరిచి, ఆమె లోపలికి వెళ్లాక తాళంచెవి కటకటాల్లోంచి ఆమె చేతికే ఇచ్చాడు. నిల్స్ గొడ్డలి ఒళ్లో పెట్టుకుని బయట స్టూలు మీద కూర్చున్నాడు.

"పట్టా వస్తుందనుకున్న వారంలో జైలొచ్చింది," అంది లవీనా. కోపమంతా పోలేదు గానీ గొంతు కాస్త తగ్గింది.

"తాళంచెవి మీ దగ్గరే ఉంది కదా. ఇది జైలు కింద రాదు."

అతను గుమ్మం దాకా వెళ్లాడు.

"టార్వర్ గారూ."

అంతవరకూ ఆమె అతన్ని డిప్యూటీ గారూ అనే పిలిచింది. అతను ఆగాడు.

"వస్తానని చెప్పకండి. చెప్పి వెళ్లినవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. ఊరికే రండి."

అతను చెప్పలేదు. తల మాత్రం ఊపాడు.

*

పొద్దుగూకక ముందే సత్రం చేరాడు. కెజాయా వంటింట్లో మోచేతుల దాకా పిండి పూసుకుని రొట్టెల ముద్ద పిసుకుతోంది. అతను చెప్పింది మొత్తం విని కూడా చేతులు ఆపలేదు.

"నా పుస్తకంలో పేజీ కోశాడా వాడు? గుడ్డు పక్కన ఉప్పు అడిగితే లేచెళ్లి తెచ్చిపెట్టాను!"

"మీరొచ్చి చెప్పాలి, మిసెస్ హోల్కమ్."

చేతులు అప్పుడు ఆగాయి.

"ఏమని? కెజాయా హోల్కమ్ అబద్ధం రాసిందనా? నాయనా, ఆడవాళ్ల ప్రార్థన కూటం పద్దెనిమిదేళ్లుగా నేను నడిపిస్తున్నాను. పోయినేడాది ఆ హెట్టీ పిల్ల వాళ్లమ్మతో అబద్ధమాడిందని సంఘంలో లేచి నిలబడింది నేను. మూడు నెలలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోనీయకుండా చేసింది నేను. ఆ పిల్ల గుడి వెనక బెంచీలో కూర్చుని ఏడుస్తుంటే ముందు బెంచీలో కూర్చుని పాట పాడింది కూడా నేనే." ముద్దని బల్ల మీద ఎత్తి కొట్టింది. "ఇప్పుడు నేనెళ్లి ఊరందరి ముందూ... నావల్ల కాదు. ఆ అమ్మాయిని ఆ మగాళ్ల చూపుల్నుంచి కాపాడాలని రాశాను. మంచికే రాశాను."

"మంచికే రాశారు. చూసి కూడా కొట్టేయనిది నేను, అది నా ఆశ కోసం. తప్పు నాది పెద్దది. కానీ నా మాట చెల్లదన్నారు. మీది చెల్లుతుంది."

"రానన్నాను కదా."

ఇన్నేళ్లలో అతను చాలామందిని బలవంతాన బండెక్కించాడు. ఈవిడని ఎక్కించడానికి కాగితం లేదు, ఉన్నా ఎక్కించడు. పాకలోకి వెళ్లి కంచరగాడిదల మధ్య గడ్డిలో మోకరించాడు. ప్రార్థనకి మాటలు దొరకలేదు. లవీనా పేరు ఒక్కటే చెప్పి ఊరుకున్నాడు.

తెల్లవారుతుండగా బయటికి వచ్చేసరికి కెజాయా గుర్రబ్బండి గుమ్మం ముందు సిద్ధంగా ఉంది. ఆదివారం నల్లగౌను, తెల్ల టోపీ, ఒళ్లో శాలువా కింద సత్రం పుస్తకం. ముక్కు ఎర్రగా ఉంది.

"అలా గుడ్లప్పగించి చూడకు, ఎక్కు. దారిలో హెట్టీ ఇంటి దగ్గర ఆపాలి. ముందు ఆ పిల్లకి చెప్పుకోవాలి. తర్వాతే మీ కచేరీ."

"పది గంటలకి..."

"ప్రభువుకి నీ పది గంటలు తెలుసులే, ఎక్కు."

హెట్టీ ఇంటి ముందు ఆవిడ దిగి, పాలు పితుకుతున్న ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఏం మాట్లాడిందో ఈనాక్‌కి వినపడలేదు. ముసలావిడ టోపీ తీసేసి నిలబడటం, ఆ అమ్మాయి పాలచేతులతోనే ఆవిడ మెడ కావలించుకోవడం మాత్రం కనపడింది. తిరిగొచ్చి బండెక్కేటప్పుడు కెజాయా మోకాళ్లు తేలికగా వంగాయి.

కోల్టన్ ఇంకా నాలుగు మైళ్లుందనగా దారికి అడ్డంగా ఒక సామాన్ల బండి, చక్రం తీసేసి ఉంది. పక్కన ఇద్దరు రౌతులు, గట్టు మీద కనపడ్డవాళ్లే. రెండు వైపులా లోతైన కాలవలు. తప్పించుకు పోవడానికి దారి లేదు.

"చక్రం విరిగింది, డిప్యూటీ," అన్నాడు అందులో పొడుగువాడు. "మధ్యాహ్నానికి బాగవుద్ది."

ఈనాక్ చేయి తుపాకీ మీదికి పోయింది. వేళ్లకి ఆ ఇనుము చల్లగా, ఎంతో విసుగ్గా తగిలింది. అతను దాన్ని పైకి తీసేలోపు కెజాయా బండిలో లేచి నిలబడింది.

"ఒరేయ్ టాబీ! పోయిన శీతాకాలం నీకు ఊపిరితిత్తుల జ్వరమొస్తే పదకొండు రోజులు చారు తాగించిందెవర్రా?"

పొడుగువాడు టోపీ తీశాడు. "మీరే, మిసెస్ హోల్కమ్."

"రాత్రిళ్లు అమ్మా అమ్మా అని ఏడిస్తే ఎవరి చేయి పట్టుకున్నావు? ఆ సంగతి ఈ పక్కనోడికి తెలుసా?"

పక్కవాడు ఆసక్తిగా టాబీ వంక తిరిగాడు. టాబీ చెవులదాకా ఎర్రబడ్డాడు.

"ఆ చక్రం తగిలించు. లేదంటే ఈ జన్మలో నా సత్రంలో నీకు కాఫీ చుక్క దొరకదు. గుమ్మంలో కుక్క పక్కన కూడా కూర్చోనివ్వను."

చక్రం తగిలించడానికి వాళ్లకి ఆరు నిమిషాలు పట్టింది. ఈనాక్ తుపాకీ మీంచి చేయి తీసేశాడు. కచేరీ ముందు బండి ఆగేసరికి గోడ గడియారం పదికి రెండు నిమిషాలు తక్కువ.

లవీనా అప్పటికే లోపల బెంచీ మీద కూర్చుని ఉంది, నిల్స్ పక్కన. చేతిలో జైలు తాళంచెవి గట్టిగా పట్టుకుని ఉంది. ఈనాక్ గుమ్మంలోకి రాగానే తలెత్తి చూసింది. అతను వచ్చాడు. ఆమె అరచేయి విప్పింది. తాళంచెవి పళ్లు అందులో ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి.

కెజాయా ప్రమాణం చేసింది. గది నిండా జనం. నిన్నటి కథ ఊరంతా పాకినట్టుంది. ఆవిడ సంఘంవాళ్లు కూడా ముగ్గురున్నారు.

"ఆ వరస నేను రాశాను," అంది కెజాయా. "అది అబద్ధం. తెలిసి రాశాను. ఎవరూ రాయమనలేదు, ఎవరినీ అడగలేదు. అబద్ధసాక్ష్యం పలకొద్దన్న తొమ్మిదో ఆజ్ఞ నేను మీరాను. ఇది నా సంఘం ముందు కూడా ఒప్పుకుంటున్నాను. సేరా, తల దించుకోకమ్మా, నా వంక చూడు, నీక్కూడా చెబుతున్నాను."

రిగ్ లేచాడు. "వాళ్లకి పెళ్లి కాలేదని మీకెలా తెలుసమ్మా?"

"నాయనా, నేను ఇద్దరు మొగుళ్లతో కాపురం చేశాను. పెళ్లయినవాళ్లు ఉప్పు అందించమని అంత మర్యాదగా అడుక్కోరు."

నవ్వులు. విట్లో మూతి కూడా ఒకవైపు కదిలింది.

"రాత్రి..."

"రాత్రి ఆ అమ్మాయి నా మంచం మీద, నా పక్కన పడుకుంది. మోకాళ్లు తెల్లవార్లూ నా నడుంలో గుచ్చింది. ఇప్పటికీ నొప్పే, కావాలంటే చూపిస్తాను. తెల్లారి పాలకి వెళితే ఈయన నా కంచరగాడిదల మధ్య గడ్డిలో ముడుచుకుని ఉన్నాడు. గడ్డంలో గడ్డిపరకలు. నిద్రలో కూడా బూట్లు విప్పలేదు, పాపం." శాలువా కింద నుంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "ఇక నా పుస్తకం సంగతి."

విట్లో పుస్తకం తెరిచాడు. కుట్టు దగ్గర కత్తితో కోసిన అంచు నిటారుగా నిలబడి ఉంది. రిగ్ తెచ్చిన పేజీని దాని పక్కన పెట్టాడు. వంకరలన్నీ సరిగ్గా కలిశాయి.

"ఇది ఎవరు కోశారు, మిస్టర్ రిగ్?"

రిగ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పరాయివాళ్ల పుస్తకం చింపి తెచ్చినవాడి కన్నా," అన్నాడు విట్లో నెమ్మదిగా, "తన అబద్ధం తనే మోసుకుని పదిహేను మైళ్లు వచ్చిన మనిషిని నేను నమ్ముతాను." ముద్ర ఎత్తి కాగితం మీద దించాడు. బల్ల మీద సిరాబుడ్డి ఎగిరింది. "నేల మీది, మిస్ ప్రూయిట్. ఊట కూడా."

నిల్స్ గొడ్డలి వదిలేసి చప్పట్లు కొట్టాడు. గొడ్డలి రిగ్ బూటు పక్కన పడింది. సేరా అనే ఆవిడ బెంచీలోంచి లేచి వచ్చి కెజాయా చేయి పట్టుకుంది. ఎవరో స్తోత్రగీతం అందుకున్నారు. విట్లో గదిలో పాటలు కూడదని చెప్పబోయి, మానుకుని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

బయట ఎండ తెల్లగా కాస్తోంది. లవీనా పట్టా రసీదుని మడత పెట్టలేదు. రెండు చేతుల్లో పళ్లెంలా పట్టుకుని నడిచింది. ఈనాక్ మెట్ల కింద నిలబడి జేబులోంచి తన కాగితం తీశాడు. నాలుగు మడతలు విప్పి ఆమెకి అందించాడు.

"ఇక్కడ సంతకం పెడితే నా పని అయిపోతుంది. ఇంటికి నిల్స్ తీసుకెళతాడు. నిన్న అందరి ముందూ మిమ్మల్ని నవ్వులపాలు చేశాను. ఇక మీ కళ్ల పడను."

లవీనా కాగితం తీసుకుని చదివింది. నిదానంగా, పెదవులు కదిలిస్తూ చదివింది.

"మీ కాగితం మీరెప్పుడైనా పూర్తిగా చదివారా, టార్వర్ గారూ? 'కచేరీకి తీసుకెళ్లి, తిరిగి ఆమె ఇంటికి క్షేమంగా చేర్చి' అని ఉంది. నేనింకా ఇంటికి చేరలేదు. సంతకం పెట్టను."

కాగితం మడిచి తన సంచిలో వేసుకుంది.

"ఇంకోటి. బైబిలు మీద చేయి పెట్టి ఆ ఎండిపోయిన గొంతాయనకి చెప్పారు, ఆ నల్లకోటాయనకి చెప్పారు, ఈ ఊళ్లో చెవులున్న ప్రతివాడికీ చెప్పారు. నాకు మాత్రం చెప్పలేదు."

ఈనాక్ టోపీ తీశాడు. జుట్టులో ఇంకా ఒక గడ్డిపరక ఉంది. "నాకు గుర్రపు సామాన్ల కొట్టు మీద గది తప్ప ఏమీ లేదు."

"నాకు నేలుంది. ముద్ర కూడా పడింది. మీకేముందని నేనడిగానా?"

అప్పుడు అతను అడిగాడు. ఎండలో, మెట్ల కింద, నాలుగు మాటల్లో అడిగాడు. ఆమె ఒక్క మాటలో జవాబు చెప్పింది. పుస్తకం చంకలో పెట్టుకుని బండి దగ్గర నిలబడ్డ కెజాయా ముక్కు చీదుకుంటూ, "ఊరూరా తిరిగే పాస్టరుగారు ఈ ఆదివారం మా సత్రంలోనే దిగుతారు," అని గాలికి చెప్పినట్టు చెప్పింది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక సత్రం హాల్లోనే పెళ్లి జరిగింది. హెట్టీ పూలు తెచ్చింది. టాబీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంటే కెజాయా లోపలికి రమ్మని కేకేసి, కాఫీ పోసింది. తర్వాత సత్రం పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, కలం లవీనా ముందుకి జరిపింది.

"నేను మాత్రం ఎవరి పేర్లూ రాయను బాబూ. ఇక ఈ పుస్తకంలో ఎవరి సంగతి వాళ్లే రాసుకోవాలి."

లవీనా రాసింది. ఈనాక్ పక్కన నిలబడి, సిరా ఆరేదాకా చూశాడు.

సోమవారం మధ్యాహ్నానికి ఇల్లు కనపడింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. కిటికీ అద్దాలు నాలుగూ వెలుగులో మెరుస్తున్నాయి. నిల్స్ భార్య మేజోడు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టింది. వాళ్లిద్దరినీ చూసి, ఏమీ అడగకుండా తుపాకీ భుజాన వేసుకుని, నవ్వుకుంటూ తమ పొలం వైపు వెళ్లిపోయింది.

ఈనాక్ అలవాటుగా నీళ్ల బకెట్టు తెచ్చి గుర్రాల మూతుల దగ్గర పెట్టాడు. లవీనా లోపలికి వెళ్లి, పొయ్యి చూసి, బయటికి వచ్చింది. చేతిలో అతని కాగితం ఉంది. గుమ్మానికి ఆనించి, అడుగున ఖాళీగా ఉన్న చోట తన కొత్తపేరు రాసింది. పైన 'క్షేమంగా చేరినట్టు' అన్న మాట పక్కన 'ఇద్దరమూ' అని చేర్చి, కాగితం అతనికిచ్చింది.

అతను చదివాడు. మడిచి జేబులో పెట్టుకోబోయి ఆగాడు. చొక్కా మీది డిప్యూటీ నక్షత్రపు బిళ్ల విప్పి, కాగితంతోపాటు కిటికీ అరుగు మీద, కొత్త అద్దాల పక్కన పెట్టాడు. షెరీఫుకి ఆ రెండూ వచ్చేవారం పంపిస్తే సరిపోతుంది.

లవీనా గుమ్మంలోనే నిలబడి ఉంది, గొళ్లెం మీద అరచేయి ఆనించి. తలుపు మూయలేదు.

ఈనాక్ బండి దగ్గరికి నడిచాడు. డోర్కస్ చెవులు నిక్కించింది. ఇక బండి తిప్పడమే మిగిలిందని దానికీ తెలుసు. అతను దాని మెడ నిమిరి, వంగి, ఒక్కో పట్టీ నిదానంగా వదులు చేస్తూ గుర్రాలను బండి నుంచి విప్పాడు.